కీమో వికారానికి ఏ మందు మేలు? రెండో రోజు చూసి చెప్పాలి

"వాంతి ఆపడానికి ఆన్‌డాన్‌సెట్రాన్ ఉంది కదా, ఇంకా ఇన్ని మందులెందుకు?" కీమో మొదలైన ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఇది. ఏ మందు బలమైనదని అడిగే ముందు, వాంతి ఎన్నో గంటకు వస్తోందో చూడండి. నా లెక్కలో జవాబు అక్కడే ఉంది.

మొదటి 24 గంటల వాంతికి పేగు గోడ కణాలు వదిలే సెరటోనిన్ అనే రసాయనం ముఖ్య కారణం. దాన్ని అడ్డుకోవడంలో ఆన్‌డాన్‌సెట్రాన్ దిట్ట. ఆ తర్వాత ఐదో రోజు దాకా సాగే వికారంలో పెద్ద పాత్ర మెదడులోని సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనానిది. కీమో మందు సిస్‌ప్లాటిన్ అయితే 48–72 గంటల మధ్య అది ముదురుతుంది. అప్పుడు ఆన్‌డాన్‌సెట్రాన్ మీద ఆన్‌డాన్‌సెట్రాన్ వేసినా ఫలితం అంతంతమాత్రమే. పైగా మలబద్ధకం పట్టుకుంటుంది, దానివల్ల మళ్లీ కడుపులో తిప్పుతుంది.

పాలోనోసెట్రాన్ కూడా ఆ కోవలోదే, కానీ దాని అర్ధాయువు, అంటే ఒంట్లో సగానికి తగ్గడానికి పట్టే సమయం, దాదాపు 40 గంటలు. కీమోకు అరగంట ముందు 0.25 మి.గ్రా. ఇంజెక్షన్ ఒక్కటి చాలు.

ఎప్రెపిటెంట్ నేరుగా సబ్‌స్టెన్స్ పి కి అడ్డుపడుతుంది: కీమోకు గంట ముందు 125 మి.గ్రా., రెండో, మూడో రోజుల్లో 80 చొప్పున. ఇది వికారానికే ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్‌ను (డెక్సా) ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది కాబట్టి మొదటి రోజు డెక్సా 20కి బదులు 12 మి.గ్రా. ఇస్తారు. మొదటి రోజు బాగానే గడిచిందని మిగతా రెండు క్యాప్సూల్స్ వేసుకోకపోవడం తరచూ జరిగే పొరపాటు. అవి పనిచేయాల్సింది ఆ తర్వాతి రోజుల్లోనే.

నా మొగ్గు ఓలాంజపిన్ వైపు. వాంతి ఆగినా తిండి వాసనకే డోకు వచ్చే స్థితి చాలామందిని కుంగదీస్తుంది. ఆ వికారాన్ని తగ్గించడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. 2016లో వెలువడిన పెద్ద పరీక్షలో, సెట్రాన్ (ఆన్‌డాన్‌సెట్రాన్ కోవ మందు), ఎప్రెపిటెంట్ కోవ మందు, డెక్సా ఈ మూడింటికి దీన్ని జోడించినప్పుడు ఐదు రోజులూ వికారమే లేనివారు 37 శాతం, జోడించనప్పుడు 22 శాతం. అప్పటి డోస్ 10 మి.గ్రా., మగత ఎక్కువ. ఇప్పుడు 5, కొందరికి 2.5 మి.గ్రా. రాత్రిపూట, నాలుగు రోజులు ఇస్తున్నారు. వృద్ధులు రాత్రి లేస్తే తూలి పడే ప్రమాదం ఉంది, పక్కన మనిషి ఉండాలి. చీటీలో మానసిక వ్యాధి మందు అని చదివి ఆపేయకండి. ఇక్కడ వాడేది వికారం కోసం, అదీ కొద్ది రోజులే.

మెటోక్లోప్రమైడ్ మిగతావి పనిచేయనప్పుడు చూడాల్సినది. ఓలాంజపిన్‌తో కలిపితే మెడ, దవడ బిగుసుకుపోయే ముప్పు పెరుగుతుంది. అల్లం తేలికపాటి వికారానికి పనికొస్తుందేమో కానీ ఈ మందులకు బదులు కాదు. ఆసుపత్రి తలచుకుంటేనే డోకు వచ్చేవారికి ముందు రాత్రి లోరజెపామ్ ఇస్తారు.

సిస్‌ప్లాటిన్‌కు, ఆంత్రాసైక్లిన్–సైక్లోఫాస్ఫమైడ్ జంటకు మందు ముందే వేయకపోతే పదిలో తొమ్మిది మందికి పైగా వాంతులవుతాయి. వీటికి సెట్రాన్, ఎప్రెపిటెంట్, డెక్సా, ఓలాంజపిన్ నాలుగూ కావాలి, ఒకటి చాలదా అని బేరమాడే చోటు కాదు. వాంతులు మధ్యస్థంగా తెచ్చే కీమోకు చాలాసార్లు సెట్రాన్, డెక్సా సరిపోతాయి.

వాంతి అయిన రోజు, గంట, వికారం ఎంతసేపు ఉందో కాగితం మీద రాసి పెట్టండి. తర్వాతి సైకిల్‌కు ఏ మందు మార్చాలో డాక్టరు దాన్ని చూసే నిర్ణయిస్తారు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గితే ఆ కాగితం తీసుకుని అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.