అమ్మ ఇంటిదాకా, మళ్లీ మన ఇంటిదాకా: హైవే మీద నెక్సాన్ ఈవీ, నా 22 నెలల లెక్క

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి అనంతపురంలో అమ్మ ఇంటి గేటు దాకా 218 కిలోమీటర్లు. నెలకోసారి తప్పకుండా వెళ్తాం, ఏ పండగో పబ్బమో వస్తే రెండుసార్లు. 22 నెలల కింద పాత డీజిల్ బండి అమ్మేసి, టాటా నెక్సాన్ ఈవీలో 40.5 యూనిట్ల పెద్ద బ్యాటరీ ఉన్నది తీసుకున్నాను. ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. సీట్లు, స్క్రీను, పాటల నాణ్యత గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. హైవే మీద ఈ బండి కరెంటు ఎంత తింటుంది, ఎలా నడిపితే తక్కువ తింటుంది అన్నదే చెప్తాను.

ఈ మోడల్ వచ్చినప్పుడు సర్టిఫికెట్‌లో ఉన్న రేంజి, అంటే ఒకసారి నిండా ఛార్జి చేస్తే పోయే దూరం, 465 కి.మీ. ఆ అంకె పట్టుకుని హైవే ప్రయాణం ప్లాన్ చేసుకోకండి. అందులో మోసమేమీ లేదు. ఆ పరీక్షలో గరిష్ఠ వేగమే 90, అదీ కాసేపే. మిగతాదంతా ఊళ్లో నడిపినట్టు ఆగుతూ సాగుతూ ఉంటుంది. పెట్రోలు బండికి హైవే ఎక్కితే మైలేజీ పెరుగుతుంది, దీనికి ఊళ్లో పెరుగుతుంది. ఊళ్లో గాలి అడ్డం తక్కువ, బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది. హైవే మీద బ్రేకుతో పని తక్కువ, గాలితో పోరు ఎక్కువ. వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లవుతుంది.

ఇది చదివితే తెలిసే విషయమే గానీ, నాకు అంకెల్లో చూస్తేనే నమ్మకం. హొస్కోటె నుంచి బేతమంగళ దాకా చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక ఒక ఆదివారం తెల్లవారుజామున నేనూ మా ఆవిడా బయల్దేరాం. మూడు వేగాలు చూశాం, ఒక్కోదాన్నీ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పట్టుకున్నాను, లేకపోతే వాలు, గాలి కలిసి లెక్క చెడగొడతాయి. మా ఆవిడ ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని రాసింది. 80 దగ్గర కిలోమీటరుకి 127 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లయితే ఒక యూనిట్). 100 దగ్గర 162. 110 దగ్గర 188. అంటే నూటి నుంచి 10 శాతం దాకా బ్యాటరీ వాడుకుంటే 80లో 285 కి.మీ. దాకా వస్తుంది, 100లో 225, 110లో 195. అదే బండి, అదే రోడ్డు, అదే పొద్దున. మూడో వరస రాసి, పెన్ను ఆపి, "ముప్పై వేగానికి తొంభై కిలోమీటర్లు పోతున్నాయండీ" అంది. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో వేగం గురించి వాదన అయిపోయింది.

అయితే మా దారి ఎక్స్‌ప్రెస్‌వే అంత చదునుగా ఉండదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం 335 దగ్గర. పోయేటప్పుడు దాదాపు 585 మీటర్లు దిగుతాం, వచ్చేటప్పుడు అంతా ఎక్కాలి. మనుషులతో సామాన్లతో కలిపి 1,700 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికే మూడు యూనిట్ల దాకా పోతుంది. నా నోట్‌బుక్‌లో ఇది నెలనెలా కనిపిస్తుంది: 85 వేగంతో వెళ్తే బ్యాటరీలో పోయేటప్పుడు 66 శాతం, వచ్చేటప్పుడు 80 శాతం ఖర్చవుతుంది. "నిన్న 34 శాతం మిగిలింది కదా, ఇవాళా మిగులుతుందిలే" అనుకుని వచ్చే దారిలో వేగం పెంచితే దెబ్బ తింటాం.

మొదటి సంక్రాంతికి నేను తిన్నది ఆ దెబ్బే. టాప్ మీద క్యారియర్ బిగించి బట్టల బ్యాగులు పైకెక్కించాను, వెనక అమ్మ కట్టిచ్చిన శనక్కాయల మూట, బియ్యం. పండగ సెలవులు అయిపోయి అందరూ ఒకేసారి తిరిగొచ్చే రోజు. పెనుకొండ దాటేదాకా 100 దగ్గరే నడిపాను. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర చూస్తే శాతం నా అంచనా కంటే చాలా కింద ఉంది. దారిలో ఒక హోటల్ ఆవరణలో ఛార్జర్ ఉంటే ఆగాం. బండికి తగిలించే రెండు గన్నుల్లో ఒకటి పని చేయడం లేదు, రెండోదానికి ముందే ఒక బండి తగిలించి ఉంది, దాని యజమాని భోజనంలో ఉన్నాడు. 40 నిమిషాలు ఎదురుచూపు, 35 నిమిషాలు ఛార్జింగ్. చిన్నది ఎండకి విసిగి ఏడుపు. 170 కి.మీ. హైవే భాగంలో 85కి బదులు 100లో వెళ్తే కలిసొచ్చేది 18 నిమిషాలు. దాని కోసం గంటంబావు పోగొట్టుకున్నాను, పిల్లను ఇబ్బంది పెట్టాను. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ విడదీసి చూశాను. మొదట క్యారియర్. మరుసటి నెల ఖాళీ క్యారియర్‌తోనే వెళ్తే కిలోమీటరుకి 10 వాట్-అవర్లు ఎక్కువైంది, పైన బ్యాగులు ఉంటే 25 దాటింది. బరువు వెనక డిక్కీలో ఉంటే చదును రోడ్డు మీద పెద్దగా తేడా రాలేదు, ఎక్కేచోట మాత్రం తెలిసింది. నెత్తిన ఏదీ పెట్టకండి. శనక్కాయలు డిక్కీలో పెట్టండి, బట్టలు సీట్ల కింద సర్దండి, క్యారియర్ పని అయిన రోజే విప్పేయండి.

రెండోది టైర్లు. మా ఏరియాలో పంక్చర్ షాపు అబ్బాయి గేజ్ తప్పు చూపిస్తోందని నాకు మూడు నెలల దాకా తెలియలేదు. వేరే గేజ్ కొనుక్కుని చూస్తే, డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్నదానికంటే నాలుగు టైర్లలోనూ ఆరు పాయింట్లు తక్కువ. సరిచేశాక 85 దగ్గర కిలోమీటరుకి 140 వాట్-అవర్లు చూపించే బండి 134కి దిగింది. అప్పటి నుంచి ప్రయాణం రోజు పొద్దున్నే, బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉండగా నేనే చూసుకుంటాను. ఐదు నిమిషాల పని, ప్రాణానికీ మంచిది.

స్టీరింగ్ వెనక పాడిల్స్‌తో రీజెన్ (కాలు తీసినప్పుడు బండి వేగం తగ్గిస్తూ కరెంటు వెనక్కి తీసుకోవడం) సున్నా నుంచి మూడు దాకా మార్చుకునే సౌకర్యం ఈ బండిలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఊళ్లో మూడు పెట్టుకుంటే బ్రేకు ముట్టే అవసరమే తక్కువ. హైవేలో మాత్రం నేను సున్నాలో లేదా ఒకటిలో ఉంచుతాను. పోగేసిన వేగాన్ని కరెంటుగా మార్చి, మళ్లీ ఆ కరెంటును వేగంగా మారిస్తే రెండుసార్లూ కొంత పోతుంది; అలాగే జారనిస్తే ఆ నష్టం ఉండదు. బాగేపల్లి టోల్ బోర్డు దూరం నుంచి కనబడగానే కాలు తీసేస్తాను. బండి తనంతట తాను జారుకుంటూ వెళ్తుంది, చివర్లో ఎడమ పాడిల్ రెండుసార్లు నొక్కితే ఫాస్టాగ్ లైను దగ్గరికి నెమ్మదిగా చేరుతుంది. ఇంటి దగ్గర నూరు శాతం నింపి బయల్దేరితే మొదట్లో రీజెన్ బలహీనంగా ఉంటుంది, బ్యాటరీలో చోటు ఉండదు కదా. కొత్తగా కొన్నవాళ్లు దాన్ని గుర్తుంచుకుని బ్రేకు మీద కాలు సిద్ధంగా పెట్టుకోవాలి.

క్రూజ్ కంట్రోల్ చదును మీద బంగారం. ఎక్కుడులో వద్దు. తిరుగు ప్రయాణంలో బాగేపల్లి దాటి చిక్కబళ్లాపురం వైపు ఎక్కేటప్పుడు అది 85ని వదలకుండా పట్టుకోవడానికి కరెంటు గట్టిగా లాగేస్తుంది. అక్కడ తీసేసి, ఎక్కేచోట 75కి పడనిచ్చి, దిగేచోట 90 దాకా పోనిస్తాను. ఎడమ లైనులోనే, వెనకవాళ్లకి అడ్డం లేకుండా. లారీ వెనక అతుక్కుని గాలి తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి, లారీ బ్రేకు వేస్తే ఆగే చోటు ఉండదు.

ఏసీ గురించి అందరూ అడుగుతారు. ఎండాకాలంలో 25 మీద పెడితే హైవేలో తేడా స్వల్పం. అద్దాలు దించుకుని వెళ్తే గాలి అడ్డం పెరిగి అంతకంటే ఎక్కువ నష్టం. హాయిగా ఏసీ వేసుకోండి. గాలి దిక్కు మాత్రం చూసుకోవాలి. ఆషాఢంలో పడమటి గాలి మా వైపు మహా జోరుగా వీస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు గిర్రున తిరిగే రోజుల్లో నేను వేగం 80కి తగ్గించి, ఇంకో 8 శాతం అదనంగా లెక్కేసుకుంటాను.

అమ్మ ఇంట్లో మోటారు కోసం వేయించిన 15 ఆంప్స్ ప్లగ్గు ఉంది. రాత్రి భోజనాలయ్యాక తగిలిస్తే తొమ్మిది పది గంటల్లో నిండుతుంది. ఎవరైనా ఈ బండి కొనాలా అని నన్నడిగితే ముందు నేను అడిగేది ఇదే: మీరు పోయే ఊళ్లో రాత్రంతా ప్లగ్గు దొరుకుతుందా? దొరికి, దూరం 220 లోపు ఉండి, 85 మీద ఓపిక ఉంటే కళ్లు మూసుకుని కొనండి. నెలనెలా హైదరాబాదు పోయేవాళ్లయితే ఇంతకంటే పెద్ద బ్యాటరీ చూసుకోవాలి, లేదా దారిలో రెండుసార్లు ఆగడానికి సిద్ధపడాలి.

సంక్రాంతి తర్వాత ఇప్పటిదాకా దారిలో ఛార్జింగ్ కోసం ఆగింది రెండే సార్లు, రెండూ ఎదురుగాలి రోజులే. మొన్న కూడా బయల్దేరుతుంటే అమ్మ గేటు పట్టుకుని "నిదానంగా పో నాయనా" అంది. డీజిల్ బండి రోజుల్లో ఊకొట్టి హిందూపురం వైపు ఎక్కడో గేరు మార్చే సరికి మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట ప్రకారమే నడుపుతున్నాను. మొన్న మారతహళ్లి సెల్లార్‌లో బండి ఆపేసరికి స్క్రీన్ మీద 21 శాతం ఉంది, చిన్నది వెనక సీట్లో నిద్రపోతోంది.