సున్తీ ఆపరేషన్: పద్నాలుగు నెలల తర్వాత నా మాట

నాకు నలభై మూడేళ్లు. రాజమండ్రిలో బట్టల కొట్టు. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. నిరుడు సంక్రాంతి గిరాకీ అయిపోయాక సున్తీ ఆపరేషన్ చేయించుకున్నాను. అంగం ముందు భాగాన్ని కప్పే చర్మం బిగుసుకుపోయి వెనక్కి జరగడం మానేసింది. దీన్నే డాక్టర్లు ఫైమోసిస్ అంటారు. ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పేవాళ్లు బోలెడుమంది దొరికారు. ఇంటికొచ్చాక గాయం ఏ రోజుకి ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మా కొట్టు టైలర్‌ని అడిగితే ఆయనకి చిన్నప్పుడే అయిపోయింది, నొప్పి కూడా గుర్తు లేదన్నాడు. పెద్దయ్యాక చేయించుకుంటే మానడం వేరే లెక్క. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఏడాదంతా చర్మం అంచున సన్నటి పగుళ్లు, దురద, తెల్లటి పూత. మందు రాస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. మానిన ప్రతిసారీ అంచు ఇంకాస్త బిగిసేది. నేను వేసుకునే బిళ్లల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. అది చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపుతుంది, ఆ తీపికి అక్కడ ఫంగస్ పట్టే అవకాశం ఎక్కువ. గుండెకీ కిడ్నీలకీ మేలు చేసే మందే అది, మనంతట మనం ఆపేయకూడదు. మా షుగర్ డాక్టర్‌కి చెబితే ఆయనే మార్చారు. మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో (HbA1c) 9.4 శాతం వచ్చింది. తగ్గించుకుని రమ్మన్నారు. 7.3కి దిగాకే ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. అప్పుడు విసుగొచ్చింది గానీ, గాయం సవ్యంగా మానిందంటే ఆ ఆగడమే కారణమని గట్టిగా నమ్ముతున్నాను.

ఆపరేషన్ నలభై నిమిషాలు. మొదట్లో మత్తు సూది పోట్లే నొప్పి, తర్వాత ఏమీ తెలియలేదు. కుట్లకి బదులు చిన్న పిన్నులతో బిగించే స్టేప్లర్ పద్ధతి అడిగాను. నా చర్మం మందంగా గట్టిపడింది కాబట్టి కరిగే కుట్లే మంచిదన్నారు. మా తోడల్లుడు స్టేప్లర్‌తో చేయించుకున్నాడు. పని త్వరగా అయింది, రక్తమూ తక్కువే. కానీ పిన్నులన్నీ రాలడానికి నెల పట్టింది, రెండు లోపలికి కూరుకుపోతే డాక్టరే తీయాల్సి వచ్చింది. బీమా వాడుకునేవాళ్లు డాక్టర్ చీటీలో జబ్బు పేరు స్పష్టంగా రాయించుకోండి. జబ్బు కోసం కాని సున్తీకి మామూలుగా డబ్బు రాదు.

రెండో రోజు జరిగింది చెప్పాలి. కట్టు విప్పమన్నారు, ఎలా విప్పాలో చెప్పలేదు. లోపలి గాజుగుడ్డ (గాయం మీద పెట్టే పల్చటి జాలీ బట్ట) రక్తంతో కలిసి ఎండి అట్టలా అయిపోయింది. ఒక కొస పట్టుకుని లాగాను. కుట్టు దగ్గర చురుక్కుమంది, ఎర్రటి చుక్కలు బాత్రూం గచ్చు మీద పడ్డాయి. కాళ్లు వణికాయి. మా ఆవిడ శుభ్రమైన గాజుగుడ్డ మడతపెట్టి ఇచ్చి, గడియారం చూసి పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోమంది. మధ్యలో తీసి చూడనివ్వలేదు. ఆగిపోయింది. అలా నొక్కినా ఆగకపోతే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ తర్వాత ఎప్పుడు విప్పినా కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లు పోసి, గాజుగుడ్డ దానంతటది వదిలేదాకా కూర్చునేవాణ్ణి. వ్యాజిలిన్ పూసిన గాజుగుడ్డ పెడితే అసలు అతుక్కోదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అంత భయపడేవాణ్ణి కాదు.

ఐదో రోజుకి కుట్ల చుట్టూ, ముందు భాగం మీదా పసుపుపచ్చటి పొర కట్టింది. చీము పట్టిందనుకుని గుండె జారిపోయింది. వెళ్లి చూపిస్తే, మానేటప్పుడు అలాంటి పొర కడుతుంది, గోకొద్దు, రుద్దొద్దు అన్నారు. చీమైతే చిక్కగా కారుతుంది, దుర్వాసన వస్తుంది, ఎరుపు రోజురోజుకీ పాకుతుంది, జ్వరం తగులుతుంది. నాకు అవేవీ లేవు. పన్నెండో రోజుకి పొర దానంతటదే పోయి కింద గులాబీరంగు చర్మం కనిపించింది.

వాపు మాత్రం బాగా ఏడిపించింది. కిందివైపు కుట్టు దగ్గర ఉసిరికాయంత ఉబ్బింది. మొదటి మూడు రోజులు లుంగీలో వదులుగా ఉంచడమే నేను చేసిన పొరపాటు. బిగుతైన లోదుస్తుల్లో పైకి, పొట్టకి ఆనించి ఉంచాలట. అలా పెట్టిన రెండు రోజుల్లోనే తేడా తెలిసింది. తెల్లవారుజామున నిద్రలో గట్టిపడినప్పుడు కుట్లు లాగుతాయి, ఆ నొప్పికి మెలకువ వచ్చేస్తుంది. పడుకునే ముందు మూత్రానికి వెళ్లడం, రాత్రి నీళ్లు తగ్గించడం, లేచి నాలుగడుగులు వేయడం, ఇవే నాకు పనిచేశాయి. పది రోజుల తర్వాత ఆ బాధ తగ్గింది.

మా అమ్మ పథ్యం పెట్టింది. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ దురదని, గుడ్డు వేడని వారం పాటు బీరకాయ కూర, మిరియాల చారు. అమ్మ ప్రేమ నాకు తెలుసు, కాదనలేకపోయాను. డాక్టర్ వింటూనే, గాయం పూడాలంటే పప్పు, గుడ్డు, పెరుగు తప్పనిసరి అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకి అన్నం తగ్గించి ఇవి పెంచమన్నారు. ఆ మాట అమ్మకి ఆయన చేతే ఫోన్‌లో చెప్పించాను. మర్నాటి నుంచి ముద్దపప్పు వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో వారానికి పనిలోకి వెళ్లొచ్చని ఉంది. రోజంతా నిలబడే పని నాది. తొమ్మిదో రోజున కొట్టు తెరిచి మధ్యాహ్నానికే మూసేశాను. పదిహేను రోజులకి గానీ కుదురుగా నిలబడలేకపోయాను, బండి ఎక్కలేకపోయాను. కుట్లు మూడో వారంలో స్నానం చేస్తుంటే ఒక్కొక్కటే ఊడాయి. ముందు భాగానికి బట్ట తగిలితే జివ్వుమనడం నెలన్నర ఉండి మెల్లగా అలవాటైంది. దాంపత్యానికి ఆరు వారాలు ఆగమన్నారు, మేం ఎనిమిది వారాలు ఆగాం. మొదట్లో కుట్టు గీత దగ్గర కాస్త పట్టేసినట్టుండేది, తర్వాత అదీ పోయింది.

కిందివైపు మిగిలిన కొంచెం వాపు పూర్తిగా దిగడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు గీత లేతగా, చుట్టూ చర్మం కంటే ఒక ఛాయ తక్కువగా ఉంది. దాని పక్కన కుట్లు పడ్డ చోట రెండు చుక్కలు మిగిలాయి. పగుళ్లు, దురద మళ్లీ రాలేదు. పోయిన నెల సగటు షుగర్ 6.9.