ఆరేళ్లుగా వాడుతున్న నిలువు ఆటోక్లేవ్: మెచ్చినవి, నచ్చనివి

మా ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) ఉన్నది మూడు డ్రమ్ములు పట్టే స్టీలు ఆటోక్లేవ్, అంటే ఆపరేషన్ పరికరాల మీద, గుడ్డల మీద ఉండే సూక్ష్మజీవుల్ని ఒత్తిడితో కూడిన ఆవిరితో చంపే యంత్రం. డ్రమ్ములంటే వాటిని సర్దిపెట్టే రంధ్రాల డబ్బాలు. అడుగున నీళ్లు కాచే కాయిల్, పైన రెక్కల నట్లతో బిగించే మూత. ఆరేళ్లలో బాడీకి ఏమీ కాలేదు, చిన్న ఆసుపత్రికి ఇప్పటికీ చాలు. అయితే ప్రెషర్ గేజి ముల్లు (చదరపు అంగుళానికి) 15 పౌండ్ల దగ్గర నిలిచినంత మాత్రాన లోపల 121 డిగ్రీలు ఉన్నట్టు కాదు. ఈ ఒక్కటీ తెలియకుండా దీన్ని నమ్మొద్దు.

గాలి పూర్తిగా బయటికి పోతేనే ఆ లెక్క కుదురుతుంది. సగం గాలి మిగిలితే అదే 15 పౌండ్ల దగ్గర వేడి 112 డిగ్రీలే. ఇందులో వాక్యూమ్ పంపు లేదు, గాలిని ఆవిరే తోసెయ్యాలి. అందుకే ఆవిరి ఆగి ఆగి కాకుండా ఎడతెగకుండా చిమ్మడం మొదలయ్యాక మరో ఐదు నిమిషాలు ఆగి కాక్ (గాలి, ఆవిరి బయటికి పోయే కుళాయి) మూస్తాం. మూటకట్టిన పరికరాల సెట్లకు 30 నిమిషాలు. అదీ స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, 121 అందుకున్నాక. డ్రమ్ము కిక్కిరిసి ఉంటే ఇదంతా చేసినా వృథానే. గుడ్డల మధ్య చెయ్యి సులువుగా దూరాలి. పక్క రంధ్రాలు తెరిచి లోపల పెట్టాలి, బయటికి తీయగానే మూసెయ్యాలి.

మూటకు అంటించే, వేడికి రంగు మారే టేపు మీద నల్లగీతలు వచ్చాయంటే మూట యంత్రంలోకి వెళ్లొచ్చిందని మాత్రమే అర్థం. అందుకే డ్రమ్ము నడిమధ్య ఐదో తరగతి ఇండికేటర్ పట్టీ (వేడి, సమయం, ఆవిరి మూడూ సరిపోయాయో లేదో చూపేది), వారానికోసారి స్పోర్ పరీక్ష (వేడికి తేలిగ్గా చావని బ్యాక్టీరియా బీజాలు చచ్చాయో లేదో చూసేది) తప్పనిసరి.

ఇక ఇబ్బందులు. బోరు నీళ్లు పోస్తే కాయిల్‌కు తెల్లటి గార పడుతుంది. వేడెక్కడం ఆలస్యమై, చివరికి కాయిల్ కాలిపోతుంది. ఆర్వో నీళ్లే వాడి, రోజూ పాతవి దించెయ్యాలి. ఆ గారే సేఫ్టీ వాల్వును కూడా బిగదీస్తుంది, వారానికోసారి మీట లాగి చూడాల్సిందే. నట్లను ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే గ్యాస్కెట్ ఒరిగి ఆవిరి కారుతుంది. ఎదురెదురు నట్లను జతగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

అన్నిటికంటే విసిగించేది తడి. ముల్లు సున్నాకి దిగాక మూత కాస్త ఎత్తి 15 నిమిషాలు వదిలేస్తే చాలావరకు ఆరుతుంది. అయినా తడిగా వచ్చిన మూటను వాడకూడదు, విప్పి మళ్లీ కట్టి వెయ్యాలి. ఫోర్సెప్స్ కీళ్లు తెరిచి, బ్రష్‌తో కడిగాకే పెట్టాలి. ఎండిన నెత్తురు కిందికి ఆవిరి చేరదు.

లాప్రోస్కోపీ గొట్టాల్లాంటి సన్నని బోలు పరికరాలకు మాత్రం ఇది పనికిరాదు. వాటిలోని గాలి ఇలా బయటికి రాదు. అవి ఎక్కువగా వాడేవాళ్లు ముందే పంపుతో గాలిని లాగేసే ప్రీ-వాక్యూమ్ యంత్రమే కొనాలి.