ఎల్ఫ్ సినిమా ఎక్కడ, పిన్నీ?

2004 డిసెంబరులో విడుదలైన ‘లెమనీ స్నికెట్స్ ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’ డిస్కు నా దగ్గర పదిహేనేళ్లకు పైగా ఉంది. ఇప్పటికి ఎనిమిదిసార్లు చూశాను. వాటిలో ఒంటరిగా చూసింది రెండుసార్లే. మిగతా ఆరుసార్లూ పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. చివరి మూడు నాలుగుసార్లయితే తెర కంటే పక్కవాళ్ల ముఖాలే ఎక్కువ చూశాను. ఈ సినిమా గురించి ఇద్దరు ఒకే మాట అనగా నేను ఇంతవరకు వినలేదు. ఒకరు పగలబడి నవ్విన చోటే మరొకరికి ఒళ్లు మండుతుంది. కాబట్టి ఇది సినిమాకు ఎంత సమీక్షో, దాన్ని నాతో కలిసి చూసినవాళ్లకూ అంతే.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. బోడలేర్ పిల్లలు ముగ్గురు. పద్నాలుగేళ్ల వయొలెట్ జుట్టు రిబ్బనుతో ముడివేసిందంటే ఏదో కొత్త యంత్రం పుట్టబోతున్నట్లు. తమ్ముడు క్లాస్ ఒకసారి చదివింది మరచిపోడు. సన్నీ ఇంకా మాటలు రాని పసిది, దొరికినదల్లా కొరుకుతుంది. ఆ పిల్ల చేసే శబ్దాలకు అర్థం తెర కింద అక్షరాల్లో పడుతుంది, సినిమాలో పదునైన వెటకారమంతా అక్కడే ఉంది. ఇల్లు తగలబడి అమ్మానాన్నలు పోతారు. వారి ఆస్తి వ్యవహారాలు చూసే బ్యాంకు అధికారి మిస్టర్ పో పిల్లలను తీసుకెళ్లి కౌంట్ ఓలాఫ్ అనే నటుడికి అప్పగిస్తాడు. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే అదే. ఓలాఫ్ కన్ను పిల్లల మీద కాదు, వారికి రాబోయే ఆస్తి మీద.

సినిమా మొదలయ్యేది మాత్రం ఇలా కాదు. ముందు రంగురంగుల బొమ్మల సినిమా వస్తుంది. చిట్టి ఎల్ఫ్ (పాశ్చాత్య కథల్లోని మరుగుజ్జు మాయాజీవి) ఒకడు అడవిలో గంతులు వేస్తుంటాడు, పక్షులు, పూలు, పాట. కాసేపటికి అది అకస్మాత్తుగా ఆగిపోతుంది. మీరు చూడబోయేది ఇది కాదు, సంతోషంగా ఉండే సినిమా కావాలంటే ఇప్పుడే లేచి వెళ్లవచ్చు అన్న అర్థంలో కథకుడి గొంతు వినిపిస్తుంది. పెద్దవాళ్లందరూ ఇక్కడ నవ్వుతారు. మా అక్క కొడుకు ఏడ్చాడు. అప్పుడు వాడికి ఆరేళ్లు. తల్లిదండ్రుల చావుకు, జలగలకు, కూలిపోయే ఇంటికి వాడు ఏడుస్తాడేమోనని నేను దిండ్లు, మంచినీళ్లు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. వాడు మాత్రం రెండో నిమిషంలోనే ఆ ఎల్ఫ్ కోసం ఏడ్చాడు. “ఎల్ఫ్ సినిమా ఎక్కడ, పిన్నీ? దాన్ని ఎందుకు ఆపేశారు?” అది అసలు సినిమా కాదని, ఎక్కడా లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. వారం రోజుల పాటు డిస్కు తిప్పి తిప్పి చూశాడు, రెండో వైపున ఉంటుందేమోనని. మిగతా సినిమాను మాత్రం కళ్లు ఆర్పకుండా, ఒక్కసారి కూడా భయపడకుండా చూశాడు.

పిల్లలకు ఏది బాధ కలిగిస్తుందో ముందే లెక్క వేయగలమన్న ధీమా నాకు ఆరోజుతో పోయింది.

మొదటిసారి చూసింది స్నేహితులతో. ఓలాఫ్‌గా హాస్యనటుడు జిమ్ క్యారీ ఉన్నాడు కదా, రెండు గంటలు నవ్వుకోవచ్చని కూర్చున్నాం. నిజంగానే మొదట నవ్వుకున్నాం. తాను గొప్ప నటుడినని ఓలాఫ్‌కు గట్టి నమ్మకం, నటన మాత్రం ఘోరం. తరువాత భోజనాల దగ్గర సన్నివేశం వచ్చింది. పిల్లలు ఆ మురికి వంటగదిలో ఉన్న వాటితోనే ఎలాగో వంట చేసి పెడతారు. మాటా మాటా పెరిగి ఓలాఫ్ క్లాస్ చెంప పగలగొడతాడు. గదిలో నవ్వు టక్కున ఆగింది. “ఇది పిల్లల సినిమానా?” అని ఒకరు అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ దెబ్బ తరువాత అదే క్యారీ అవే ముఖాలు పెట్టినా మా గుంపులో సగం మంది మళ్లీ నవ్వలేకపోయారు. మిగతా సగం ఏమీ జరగనట్లే నవ్వారు. సినిమా అయ్యాక రెండు వర్గాలూ గంటసేపు వాదించుకున్నాయి.

నేను అప్పుడు నవ్వలేని వర్గంలో ఉన్నాను, క్యారీ సినిమాను చెడగొట్టాడన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఓలాఫే అతి చేసే నటుడు కాబట్టి, ఆ అతిలో పాత్రది ఎంత, క్యారీది ఎంత అని విడదీయడానికి నాకు నాలుగు వీక్షణలు పట్టాయి. ఓలాఫ్ తరువాత పిల్లలు చేరే పాముల శాస్త్రజ్ఞుడు అంకుల్ మాంటీ ఇంటికి సహాయకుడు స్టెఫానోగా వచ్చే వేషంలో ఎక్కువ భాగం క్యారీదే, అక్కడ కత్తెర పడవలసింది. కట్టె కాలుతో వచ్చే కెప్టెన్ షామ్ వేషం మాత్రం పూర్తిగా ఓలాఫ్‌ది. ఆ ముసలి నావికుడి వెనుక నుంచి అసలు మనిషి తొంగిచూసే క్షణాలు ఇప్పటికీ నాకు చలి పుట్టిస్తాయి. మేకప్‌కు ఆస్కార్ ఊరికే రాలేదు.

అక్క కూతురిది మరో గొడవ. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు. దాని కోపం ఓలాఫ్ మీద కాదు, పో మీద. రైలు పట్టాల సన్నివేశం గుర్తుంది కదా. ఓలాఫ్ పిల్లలను కారులో పెట్టి తాళం వేసి, కారును పట్టాల మీద వదిలేసి దుకాణంలోకి వెళతాడు. రైలు వస్తోంది. కారులో దొరికిన వస్తువులతోనే వయొలెట్ ఒక సాధనం తయారుచేస్తుంది, దానితో పట్టాల మీట లాగి రైలు దారి మళ్లిస్తారు. అప్పుడు పో వస్తాడు. పిల్లలను ఓలాఫ్ దగ్గర నుంచి తీసుకుపోతాడు కూడా. కానీ హత్యాయత్నం జరిగిందని కాదు, పసిపిల్ల చేత కారు నడిపించాడని! నేను పడీపడీ నవ్వాను. మా అక్క కూతురు లేచి నిలబడింది. “కళ్లెదురుగా ఉన్నా కనిపించదా ఆయనకు? వాళ్లు చెబుతూనే ఉన్నారు కదా, ఒక్కసారి వింటే ఏమవుతుంది?” దాని గొంతులో వణుకు విన్నాక నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. తప్పు చేయకపోయినా పెద్దవాళ్లు నమ్మని రోజు ఒకటి దానికీ ఉండి ఉంటుంది. నేను అడగలేదు, అది చెప్పలేదు.

అమ్మతో చూసింది ఆ తరువాతే. ఇంగ్లీషు మాటలు వేగంగా పోతున్నాయని ఆమె మొదటి అరగంట విసుక్కుంది. మెరిల్ స్ట్రీప్ ఆంట్ జోసెఫిన్‌గా రాగానే ముందుకు జరిగి కూర్చుంది. మాంటీ తరువాత పిల్లలు చేరేది ఆమె దగ్గరికే, సరస్సు మీద వేలాడుతున్నట్లున్న ఇంట్లో ఉంటుంది ఆ జోసెఫిన్. తలుపు పిడి ముట్టుకుంటే పగిలి కంట్లో గుచ్చుకుంటుందని భయం, రెఫ్రిజిరేటర్ మీద పడి నలిపేస్తుందని భయం. వ్యాకరణం తప్పితే మాత్రం ఎవరినీ వదలదు. మా అమ్మ పడుకోబోయే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసుకునే మనిషి, కాబట్టి మేమందరం ఓరగా ఆమె వైపే చూస్తూ నవ్వుకుంటున్నాం. తుపాను వచ్చింది. తలుపు పిడి పగిలింది, రెఫ్రిజిరేటర్ జారింది, ఆమె భయపడినవన్నీ ఒకదాని వెంట ఒకటి అక్షరాలా జరిగాయి, చివరికి ఇల్లే కూలింది. “చూశారా, ఆవిడ చెప్పినవన్నీ జరిగాయి” అంది అమ్మ, గెలిచినట్లు.

ఇది నాకు అంతకుముందు తట్టలేదు. పిరికితనం వల్ల జోసెఫిన్ పిల్లలను కాపాడలేకపోయిందని సినిమా ఆమెను తప్పుపడుతుంది. మళ్లీ ఆమె భయాలన్నీ నిజమేనని చూపించేదీ ఆ సినిమాయే. ఈ రెండూ ఎలా పొసగుతాయో దర్శకుడు బ్రాడ్ సిల్బర్లింగ్ తేల్చడు. తేల్చకపోవడమే బాగుంది. మా పిల్లలు అప్పటి నుంచి అమ్మను ‘జోసెఫిన్ అమ్మమ్మ’ అంటారు. ఆమె దాన్ని బిరుదులా స్వీకరించింది.

ఇక పుస్తకాలు చదివినవారి సంగతి. లెమనీ స్నికెట్ పేరుతో డేనియల్ హ్యాండ్లర్ రాసినవి మొత్తం 13, 1999లో మొదలై 2006లో ముగిశాయి. సినిమా మొదటి మూడింటినే తీసుకుంది. అది కూడా వరుసగా కాదు. మొదటి పుస్తకం చివర వచ్చే పెళ్లి పన్నాగాన్ని పక్కన పెట్టి, మాంటీ, జోసెఫిన్‌ల కథలు మధ్యలో చొప్పించి, ఆ పెళ్లితో ముగించింది. ఎల్ఫ్ కోసం ఏడ్చినవాడికి ఇప్పుడు పద్నాలుగేళ్లు, పదమూడు పుస్తకాలూ నమిలి మింగాడు. పోయిన ఏడాది మళ్లీ కలిసి చూసినప్పుడు వాడి దగ్గర ఫిర్యాదుల జాబితా ఉంది. అన్నిటికంటే పెద్దది సంతకం.

నాటకం పేరుతో ఓలాఫ్ నిజమైన పెళ్లి జరిపించి వయొలెట్ ఆస్తి కొట్టేయాలని చూస్తాడు. సన్నీని పంజరంలో పెట్టి గోపురానికి వేలాడదీసి బెదిరిస్తాడు. పుస్తకంలో వయొలెట్ కుడిచేతి వాటం మనిషి అయివుండీ ఎడమచేత్తో సంతకం చేస్తుంది. తన చేతివాటపు సంతకం కాదు కాబట్టి పెళ్లి చెల్లదు. కత్తి లేదు, మంట లేదు, చట్టంలోని ఒక్క మాటతో ఆ పిల్ల గెలుస్తుంది. సినిమాలో ఆమె ఎడమచెయ్యి కదపగానే ఓలాఫ్ పసిగట్టి చెయ్యి మార్పిస్తాడు. చివరికి క్లాస్ గోపురంలోని కటకంతో సూర్యకాంతిని మళ్లించి పెళ్లిపత్రాన్ని కాల్చేస్తాడు. “అక్క గెలుపును తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టారు” అని మా వాడి వాదన. వాడు స్వయంగా తమ్ముడై ఉండి ఈ మాట అన్నాడు, గమనించండి. వాళ్ల అక్క పక్కనే ఉంది. “నీకు తెలుసునని నువ్వు ముందే కాలర్ ఎగరేశావు, అందుకే వాళ్లు మార్చారు” అంది. అదీ నిజమే. ఎడమచెయ్యి దొరికిపోయిన క్షణంలో పుస్తకం చదివినవాడి ముఖం పాలిపోయింది, చదవనివారి కంటే వాడికే ఎక్కువ భయం వేసింది. ఆ ఒక్క క్షణం కోసం వయొలెట్ తెలివిని బలి ఇవ్వవచ్చా అంటే నేను మా వాడి పక్షమే.

అదే సన్నివేశంలో నాకు చాలాకాలం కనిపించని విషయం ఒకటి ఉంది. అక్కడ సినిమాలోనే ఒక ప్రేక్షకుల గుంపు కూర్చుని ఉంటుంది. వేదిక మీద నిజంగా నేరం జరుగుతుంటే నాటకమనుకుని చూస్తుంటారు. వారిలో పేరు వేయకుండా డస్టిన్ హాఫ్‌మన్ విమర్శకుడిగా కనిపిస్తాడు, అతనికీ ఏమీ అర్థం కాదు. పో ఎలాగూ ఉన్నాడు. చూడటం వచ్చి కనిపెట్టడం రానివారితో హాలు నిండి ఉంటుంది. మొదటి ఐదుసార్లు ఆ గుంపును చూసి నవ్విన నేను, ఆరోసారి మా అక్క కూతురు గొంతు గుర్తొచ్చి నవ్వలేదు.

ముగింపు నాకు నచ్చదు. సినిమా కోసం కల్పించిన ఉత్తరం ఒకటి ఉంది. అమ్మానాన్నలు పంపినది, తిరిగి తిరిగి పిల్లలకు చేరుతుంది. ప్రపంచంలో చెడు కంటే మంచి ఎక్కువ అన్న ధోరణిలో సాగుతుంది. మంచి నటులు, మంచి సంగీతం, కాబట్టి కన్ను తడి కాకమానదు. కానీ రెండో నిమిషంలో ఎల్ఫ్‌ను ఆపేసి ‘సంతోషం కావాలంటే వెళ్లిపోండి’ అన్న పెద్దమనిషి చివర్లో మన జేబులో మిఠాయి పెట్టి పంపడం ఏమిటి? కథ కంచికి వెళ్లినా ఆ పిల్లలకు వెళ్లడానికి ఇల్లు లేదు, ఆ మాట అక్కడే వదిలేస్తే చాలు. అమ్మకు మాత్రం ఉత్తరమే అన్నిటికంటే నచ్చింది. “అది కూడా లేకపోతే నేను నిద్రపోయేదాన్ని కాదు” అంది.

చూపుకు మాత్రం వంక పెట్టలేను. ఎమాన్యుయెల్ లుబెజ్కీ ఛాయాగ్రహణంలో బూడిద రంగుకే పది ఛాయలు ఉన్నాయి. కాలం ఏదో, దేశం ఏదో తెలియనివ్వని దుస్తులు, సెట్లు. థామస్ న్యూమన్ సంగీతం. పసిపిల్ల సన్నీతో ఆడుకునే ‘అత్యంత ప్రాణాంతక’ సర్పం దగ్గర అందరూ ఒకే విధంగా ఊపిరి బిగబట్టి ఒకే విధంగా నవ్వారు. ఎనిమిది వీక్షణల్లో అందరూ ఏకమైన చోటు అదొక్కటే.

తరువాతి భాగం రాలేదు, చిన్న నటులు పెద్దవాళ్లయిపోయారు. 2017 నుంచి 2019 వరకు నెట్‌ఫ్లిక్స్ 25 ఎపిసోడ్లలో పదమూడు పుస్తకాలనూ తీసింది, అందులో ఓలాఫ్ నీల్ ప్యాట్రిక్ హ్యారిస్. పుస్తకాల పట్ల నిష్ఠ కావాలంటే ఆ ధారావాహికే చూడండి. మా వాడి తీర్పూ అదే. నేను మాత్రం 108 నిమిషాల ఈ సినిమాకే తిరిగి వస్తాను. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలతో చూడండి, మరీ చిన్నవాళ్లయితే ఎల్ఫ్ గురించి ముందే చెప్పండి. ఆఖరి పేర్లు పడుతుంటే లేవకండి. కాగితం కత్తిరింపుల్లాంటి నీడబొమ్మల్లో పిల్లలు పారిపోతూ ఉంటారు, ఓలాఫ్ నీడ వెంటపడుతూ ఉంటుంది. ఉత్తరం చెప్పిన దానికంటే ఆ బొమ్మలే నిజం చెబుతాయి.

పోయిన ఏడాది ఆ పేర్లన్నీ అయ్యాక డిస్కు బయటికి తీశాను. మా వాడు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టాడు.