తేమ లేకపోతే క్లస్టర్లు కట్టని సోర్సు: ఆరేళ్ల వాడకం తరువాత

మాగ్నెట్రాన్ స్పట్టరింగ్‌తో (అయస్కాంత క్షేత్రం సాయంతో అయాన్లు ఢీకొట్టి లోహపు పలక నుంచి పరమాణువులను ఊడగొట్టే పద్ధతి) పనిచేసే గ్యాస్ అగ్రిగేషన్ సోర్సును, అంటే ఆ పరమాణువులను వాయువులో గుమిగూడేలా చేసే పరికరాన్ని, ఆరేళ్లుగా కోబాల్ట్ నానోక్లస్టర్ల (కొన్ని నానోమీటర్ల పరమాణు గుంపుల) తయారీకి వాడుతున్నాను. రేణువులకు పూతగా అంటుకునే సర్ఫాక్టెంట్ల ప్రసక్తి లేకుండా, ఆర్గాన్‌లో ఘనీభవించిన లోహం ఏ పూతా లేకుండా నేరుగా సబ్‌స్ట్రేట్ మీదికి దిగుతుందని మొదటి ఏడాదంతా దీన్ని పొగిడాను.

అరిగిన టార్గెట్‌ను, అంటే ఆ కోబాల్ట్ పలకను, మార్చడానికి ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ ఒకే తంతు నడిచేది. మూసి పంపులు నడిపాక రెండు రోజులు, అతిచిన్న కరెంట్లను కొలిచే ఎలక్ట్రోమీటర్‌లో క్లస్టర్ అయాన్ల కరెంటు దండిగా కనిపించేది. వారం తిరిగేసరికి సున్నా దగ్గర ఆగేది. క్లస్టర్లు బయటికి వచ్చే నాజిల్ పూడుకుందేమోనని విప్పి చూశాము. కోబాల్ట్ తానే అయస్కాంత పదార్థం కనుక, మందపు టార్గెట్ తన కింది అయస్కాంతాల క్షేత్రాన్ని పైకి రానివ్వదన్న తెలిసిన కారణంతో మరింత పలుచని పలక బిగించాము. విప్పిన ప్రతిసారీ రెండు రోజులు బాగుపడేది కనుక, చేసిన మరమ్మతే ఫలించిందని నమ్మి నెలలు పోగొట్టుకున్నాను.

బాగుచేసింది మరమ్మతు కాదు, తెరిచినప్పుడు గోడలకు పట్టిన తేమ. రెండు కోబాల్ట్ పరమాణువులు కలిసి నిలవాలంటే బంధం విడుదల చేసిన శక్తిని మూడో పరమాణువు మోసుకుపోవాలి. తేమలోని ఆక్సిజన్‌తో కోబాల్ట్ కట్టిన జంట అంతకంటే గట్టిది కనుక, క్లస్టరుకు విత్తనంగా నిలుస్తుంది. స్పట్టర్ అయిన లోహం గోడల మీద పరుచుకుని ఆ తేమను పీల్చేసుకున్నాక విత్తనం మిగలదు. వాయువును అతికొద్దిగా లోపలికి వదిలే లీక్ వాల్వును వెంట్రుకవాసి తిప్పి ఆక్సిజన్ వదలగానే కరెంటు లేచిన సాయంత్రం, మెరుగైన శూన్యం కోసం రాత్రంతా బేకింగ్ చేసిన (ఛాంబర్‌ను వేడిచేసి తేమను వెళ్లగొట్టిన) రోజులు తలచుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సంతోషం, అతిబలహీన అయస్కాంతత్వాన్ని కొలిచే స్క్విడ్ మాగ్నెటోమీటర్ దాకానే నిలిచింది. శూన్యంలోనే వెండి పొర కప్పి బయటికి తీసిన నమూనాను అయస్కాంత క్షేత్రంలో ఉంచి 10 కెల్విన్‌కు చల్లారిస్తే, హిస్టెరిసిస్ వలయం (క్షేత్రం మారుతుంటే అయస్కాంతత్వం మారే తీరు చూపే గీత) ఒక పక్కకు జరిగి వచ్చింది. 1956లో మైకిల్‌జాన్, బీన్ ఆక్సైడు పొర ఉన్న కోబాల్ట్ రేణువుల్లో చూపిన ఎక్స్ఛేంజ్ బయాస్, అంటే ఆక్సైడు పొర లోహపు అయస్కాంతత్వాన్ని ఒక దిశకు బిగించి ఉంచడం, ఇదే. ఆక్సిజన్ మోతాదు తగ్గించిన కొద్దీ ఆ జరుగుడు తగ్గింది కానీ, కరెంటు నిలిచే మోతాదు దగ్గర పూర్తిగా పోలేదు.

కొన్ని పదుల పరమాణువుల ఇనుప క్లస్టర్లలో ఒక్కో పరమాణువు అయస్కాంత భ్రామకం ఘనలోహపు 2.2 బోర్ మాగ్నెటాన్లను (భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) మించి 3 దాకా ఉంటుందని 1994లో చూపిన కొలతల వంటివి తలపెట్టినవారికి ఈ సోర్సును సూచించలేను. వాటికి లేజర్‌తో లోహాన్ని ఆవిరి చేసే సోర్సు, స్వేచ్ఛగా సాగే పుంజం కావాలి. నా పని 5 నానోమీటర్ల కోబాల్ట్‌తో, పైగా నా దగ్గర మరో సోర్సు లేదు కనుక దీన్నే వాడుతున్నాను. లీక్ వాల్వు మీద ఒక పెన్సిల్ గీత గీసి ఉంచాను. ఆ గీత దాటి మాత్రం తిప్పను.