గుడ్డెలుగును చూపించిన రిసార్టు, చూపించని పెద్దాయన

పాలమూరు నుంచి నల్లమలకు పోవాలనుకునే కుటుంబాలు రూము బుక్ చేసుకునే ముందు ఇది ఒకసారి చదవండి. ఒక్క రాత్రికి మాకు 5,000 రూపాయలు వదిలాయి. డబ్బు సంగతి మర్చిపోగలను, ఆ రాత్రి చూసింది మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

ఉగాది సెలవులకు నలుగురం బయల్దేరాం. నేను, మా ఆయన, మా అత్తమ్మ, పదేళ్ల పాప. ఈ ప్రయాణానికి కారణం పాపే. టీవీలో స్లాత్‌లను చూసింది. తలకిందులుగా కొమ్మకు వేలాడుతూ, ఒంటి మీద నాచు పట్టేంత నెమ్మదిగా బతికే జంతువులు. వాటిని చూపించమని పట్టుబట్టింది. అవి మధ్య, దక్షిణ అమెరికా వానల అడవుల్లోనే ఉంటాయి, కానీ ఆ పేరున్న జంతువొకటి మన దగ్గరా ఉంది, స్లాత్ బేర్ అంటారు, అదే మన గుడ్డెలుగు అని చెప్పాను. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దాని పొడవాటి గోళ్లు చూసి స్లాత్‌ల జాతిలో కలిపేశాడు. ఎలుగుబంటేనని తర్వాత తేలినా పేరు అలాగే ఉండిపోయింది. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. పుస్తకంలో చెప్పింది పాపకు అడవిలో చూపించాలని నాకూ ఆశగా ఉండింది.

జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా దారి బాగుంది. ఉమామహేశ్వరంలో దర్శనం ప్రశాంతంగా అయింది.

ఆన్‌లైన్‌లో "రూము నుంచే ఎలుగుబంటి" అని ఫొటోతో సహా కనిపించిన ప్రైవేటు రిసార్టులో దిగాం. ఏసీ రూము 2,800. రాత్రి భోజనం మనిషికి 250, నలుగురికి 1,000. ఏసీలో గాలి తప్ప చల్లదనం లేదు, నల్లాలో ఎర్ర నీళ్లు. అవన్నీ సర్దుకుపోయేవే. "బేర్ షో మనిషికి 300" అంటే మా ఆయన ఇంకో 1,200 కట్టేశారు. దూరంగా ఏదో మంచె లాంటిది ఉంటుందనుకున్నాం.

రాత్రి ఎనిమిదిన్నరకు డాబా మీదికి తీసుకెళ్లారు. ప్రహరీ వెనక చిన్న గుంట. ఆ రోజు మిగిలిన అన్నం, బిర్యానీ బొక్కలు, మురిగిన అరటిపండ్లు, కలింగర తొక్కలు అందులో పోసి, పైన బెల్లం నీళ్లు చల్లారు. కాసేపటికి పొదల్లోంచి తల్లి వచ్చింది. వీపు మీద పిల్ల, జూలు గట్టిగా పట్టుకుని ఉంది. పిల్లల్ని వీపు మీద మోసుకు తిరగడం ఈ జాతి ఎలుగుల ప్రత్యేకత, నేను ఏటా క్లాసులో చెప్పే మాట. జీవితంలో మొదటిసారి చూడటం చెత్తగుంటలో అయింది.

టార్చిలైటు మొహం మీద వేశారు. ఇరవై మంది దాకా ఫోన్లు ఎత్తారు, ఎవరో ఈల వేశారు. తల్లి బెదిరి రెండు కాళ్ల మీద నిలబడింది, పిల్ల జారి కింద పడింది. "అమ్మా, అది కవరు తింటుంది" అంది పాప. నిజమే, పెరుగన్నం అంటిన ప్లాస్టిక్ కవరును నములుతోంది. మా అత్తమ్మ అక్కడే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని "పిల్లతల్లిని గిట్ల ఏడిపిస్తరా" అంటూ కిందికి దిగిపోయింది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

మేనేజర్‌ని అడిగితే "కస్టమర్లు అడుగుతరు మేడం, అందుకే పెడ్తున్నం" అన్నాడు. గుడ్డెలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉంది, పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. ఆ చట్టంలో వేట అంటే చంపడమొక్కటే కాదు, ఎర వేయడం కూడా వేటేనని చెప్పాను. అతను ఇంకో టేబుల్ దగ్గరికి పోయాడు. ఎంగిలి రుచి మరిగిన ఎలుగు రేపు ఊళ్లోకి వస్తుంది. తెల్లారుజామున కట్టెలకో తేనెకో పోయే చెంచు మనిషికి ఎదురవుతుంది. 300 కట్టి వీడియో తీసుకున్నవాళ్లు అప్పటికి ఇంట్లో నిద్రపోతుంటారు.

పొద్దున టిఫిన్ మానేసి ఆరింటికే బయటపడ్డాం. మన్ననూరులో రోడ్డు పక్కన ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేస్తోంది. ఒక్కోటి 20 రూపాయలు. పల్లి తొక్కు, ఉల్లిగడ్డ వాటితోపాటే. తొమ్మిది రొట్టెలు తిన్నాం, 180 అయింది. అత్తమ్మ ఒక్కతే మూడు తిని, రాత్రి అదంతా చూసిన కళ్లను నీళ్లతో కడుక్కుని, "ఇగ నడువుండ్రి" అంది.

ఆ రోజు మాకు దారి చూపింది అరవై దాటిన చెంచు పెద్దాయన. చిన్నప్పటి నుంచి అడవిలోని పెంటలోనే (చెంచు గూడేన్ని అలా అంటారు) పెరిగాడట. "గుడ్డెలుగును చూపిస్తవా తాతా?" అని పాప అడిగితే "అది కనవడొద్దు బిడ్డా. మనం మాట్లాడుకుంట పోవాలె, అదే పక్కకు తప్పుకుంటది" అన్నాడు. తవ్వుకుంటూ తింటున్నప్పుడు మనిషి దగ్గరికొచ్చిందాకా దానికి తెలియదు, ఉలిక్కిపడి మీదికొస్తుంది. పులికన్నా గుడ్డెలుగుకే అడవి మనుషులు ఎక్కువ భయపడటానికి కారణం అదే.

ఒక పుట్ట దగ్గర ఆపాడు. మోకాలి లోతు గుంట, గోళ్ల గీతలు ఇంకా తడిగానే ఉన్నాయి. గుడ్డెలుగుకు పైదవడ ముందు పండ్లు రెండు ఉండవు. ముక్కురంధ్రాలు మూసుకుని, ఆ సందులోంచి ముందు దుమ్ము ఊది, తర్వాత చెదలను జుర్రుకుంటుంది. "ఆ సప్పుడు గా వాగు దాకా ఇనొస్తది" అని పెద్దాయన నోటితో చేసి చూపించాడు. పాప ఇంటికొచ్చాక కూడా రోజూ ఆ చప్పుడే చేస్తోంది. కొంచెం ముందుకు పోతే దాని పెంటిక. పుల్లతో విడదీస్తే రేల గింజలు, చీమల తలలు, ఇప్పపువ్వు పొట్టు. కవరు ముక్క ఒక్కటీ లేదు. గంటసేపటి పాఠం ఆ ఒక్క పెంటికలో దొరికింది. ఏం తిన్నది, ఏ చెట్టు విత్తనం ఎక్కడికి మోసుకుపోయింది, అన్నీ.

బాట పక్కన చెట్టుకు మోకాలెత్తున కెమెరా డబ్బా, ఎదుటి చెట్టుకు ఇంకోటి. పులికి రెండు పక్కల చారలూ పడాలని అలా జంటగా కడతారు. చారలను బట్టి పులులను లెక్కపెట్టవచ్చు. చారల్లేని నల్లటి గుడ్డెలుగుల్లో ఏది ఏదో ఫొటోలో పోల్చుకోవడం కష్టం. అందుకే పాదముద్ర, పెంటిక, తవ్విన పుట్ట చదవగలిగినవాళ్లు కావాలి. బాట మీద గుడ్డెలుగు పాదముద్ర చూశాం. వేళ్లు దాదాపు ఒకే వరుసలో, వాటి ముందు దూరంగా గోళ్ల గుచ్చులు. పాప పక్కన చెయ్యి ఆనించి తన నోట్‌బుక్‌లో గీసుకుంది. పెద్దాయనకు విడిగా 500 ఇచ్చాను, ఈ ప్రయాణంలో నాకు తృప్తినిచ్చిన ఖర్చు అదొక్కటే.

మల్లెలతీర్థం ఎండాకాలం వద్దు, నీళ్లు సన్నగా ఉన్నాయి, మెట్లకు అత్తమ్మ మోకాళ్లు పట్టేశాయి. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, జంతువులు రోడ్డు దాటే వేళ అది, తెరవమని సిబ్బందితో గొడవ పడకండి. రూము కావాలంటే మన్ననూరులో అటవీశాఖ వాళ్ల కాటేజీలు ముందుగా బుక్ చేసుకోండి. ప్రైవేటులో దిగేవాళ్లు ఫోన్‌లోనే "రాత్రి ఏం చూపిస్తారు" అని అడగండి. ఎలుగుబంటి అంటే ఆ రూము వద్దు.

వీడియో, రశీదు జతచేసి అటవీశాఖకు ఫిర్యాదు పంపాను. పంపే ముందు రశీదు సరిగ్గా చూశాను. 1,200 ఎదురుగా "స్నాక్స్" అని రాసి ఉంది.