స్ఫటికమా, క్రయోనా, సూదిమొనా: ఏది మేలు?

బరంపురంలో ఎమ్మెస్సీ చదివే మన తెలుగు పిల్లలు సెమినార్ల కాలం వచ్చిందంటే అడిగేదిదే: "మాస్టారూ, ఎండతో బతికే ఊదా బ్యాక్టీరియా కణపు పొరలోని ప్రోటీన్లను చూడాలంటే ఏ పద్ధతి మంచిది?" రంభ దగ్గర చిలికా ఒడ్డు బురద తెచ్చి, సీసాలో మూతపెట్టి ఎండ తగిలేచోట ఉంచండి, ముందు వాటి ముఖం చూద్దురుగానీ అంటాను. కొన్ని వారాలకు గాజు లోపల ఊదా చారలు కడతాయి. ఆ రంగును పట్టుకుని ఉన్నవే మనకు కావలసిన ప్రోటీన్లు.

పెద్దరికం, ప్రోటీన్‌ను స్ఫటికంగా కట్టించి ఎక్స్‌రేలతో చూసే స్ఫటిక పద్ధతిదే. 1982లో హార్ట్‌ముట్ మిషెల్, ఇప్పుడు బ్లాస్టోక్లోరిస్ విరిడిస్ అంటున్న ఊదా బ్యాక్టీరియా రియాక్షన్ సెంటర్‌కు, అంటే కాంతి శక్తితో ఎలక్ట్రాన్‌ను కదిలించే ప్రోటీన్‌కు, స్ఫటికాలు కట్టించాడు. డైసన్‌హోఫర్, హూబర్‌లతో కలిసి 1985కల్లా దాని నిర్మాణం తేల్చాడు. 1988లో ముగ్గురికీ నోబెల్. ఎలక్ట్రాన్ ఏ దారిన పోతుందో దానివల్లే తేటపడింది. స్ఫటికం కట్టకపోతే మాత్రం ఎన్నాళ్ల శ్రమైనా అంతే సంగతులు.

క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి ఆ గండం లేదు. ప్రోటీన్‌ను క్షణంలో గడ్డకట్టించి, వేలకొద్దీ బొమ్మలను కంప్యూటర్‌లో కలుపుతారు. అదే విరిడిస్‌లో రియాక్షన్ సెంటర్‌ను చుట్టిన, కాంతిని పట్టే వలయంతో సహా నిర్మాణం 2018లో 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్ల వంతు) స్పష్టతతో వచ్చింది. కొత్త ప్రోటీన్ చేతికొస్తే నా ఓటు దీనికే.

అయితే ఈ రెండింటిలోనూ మామూలుగా డిటర్జెంటు వేసి ప్రోటీన్‌ను పొరనుంచి ఊడబీకాల్సిందే. ఇరుగుపొరుగు పోతుంది. పొరలో ఏది ఎవరి పక్కన కూర్చుందో చెప్పేది ఏఎఫ్ఎం, అంటే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపీ, మన సూదిమొన పద్ధతి. అభ్రకం రేకు మీద పొర ముక్కను పరిచి, ద్రవంలోనే సన్నని మొనతో తడుముతారు. 2004లో రోడోబ్యాక్టర్ స్ఫిరాయిడిస్ పొరను ఇలా చూస్తే రియాక్షన్ సెంటర్ జంటలు బారులు తీరి, వాటి చుట్టూ కాంతిని పట్టే చిన్న వలయాలు కనిపించాయి. శక్తి వలయం నుంచి వలయానికి అందుకుంటూ పోవాలంటే ఈ సర్దుబాటే ముఖ్యం. పరమాణువులు దీనికి ఆనవు, పొరకు బయటికి తేలిన భాగమే అందుతుంది. అయినా, "పటం గీయడం" అన్న మాటకు నా లెక్కలో ఇదే తగినది. మన సిలబస్‌లో దీనికి అరపేజీ కూడా దక్కదు, అది వేరే బాధ.

సెమినార్‌కైతే ప్రోటీన్ నిర్మాణాలు దాచే వెబ్‌సైటు ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 1పీఆర్‌సీ (1PRC) అని కొట్టి మిషెల్ బృందం నిర్మాణాన్ని ఉచితంగా దించుకోండి. పక్కన ఒక ఏఎఫ్ఎం చిత్రం పెట్టండి. అడిగేవాళ్లు రెండోదాని గురించే ఎక్కువ అడుగుతారు, సిద్ధపడి వెళ్లండి.